నడుం నొప్పికి ఏ విటమిన్ కొనాలి? డి, బి12, కాల్షియం: ఎవరికి ఏది, ఎంత, ఎన్నాళ్ళు

"నడుం నొప్పిగా ఉందన్నా, ఏదైనా మంచి విటమిన్ బిళ్ళ ఇవ్వు." మందుల షాపులో కౌంటరు వెనక నిలబడేవాళ్ళం రోజూ వినే మాట ఇది. అడిగేది నాట్లు వేసి వచ్చిన పెద్దమ్మ కావచ్చు, పొద్దంతా ఆటో నడిపే తమ్ముడు కావచ్చు, లాప్‌టాప్ ముందు నుంచి లేవని అమ్మాయి కావచ్చు. ముగ్గురికీ ఒకే షీటు చింపి ఇవ్వడం చాలా తేలిక. కానీ ఒకరిని మంచంలోంచి లేపి నిలబెట్టిన బిళ్ళే ఇంకొకరికి ఎందుకూ కొరగాదు. విటమిన్ తీర్చేది లోటును, నొప్పిని కాదు. లోటు వల్ల వచ్చిన నొప్పయితే లోటుతో పాటే పోతుంది. ఒంట్లో లోటే లేనప్పుడు ఎంత ఖరీదైన సీసా తాగినా నడుం నడుంలాగే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో నడుం నొప్పితో బాధపడినవాళ్ళు దాదాపు 61 కోట్ల 90 లక్షల మంది. వీళ్ళలో ఎక్కువ మందికి ఇదీ కారణం అని స్కానింగులో వేలు పెట్టి చూపించలేం. కండరాలు పట్టేయడం, కూర్చునే తీరు, బరువులెత్తడం, నిద్ర చాలకపోవడం, మనసులో దిగులు, ఇలా నాలుగైదు కలిసి తెచ్చే నొప్పి అది. అదే సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పికి ఇచ్చిన సలహాల్లో వ్యాయామానికీ, నొప్పి గురించి అవగాహనకూ పెద్దపీట వేసింది. చాలామంది కొనుక్కునే నడుం బెల్టును అందరికీ మామూలుగా వాడొద్దని కూడా చెప్పింది. కాబట్టి ఇక్కడ చెప్పే బిళ్ళలన్నీ ఆ నడకకూ ఆ వ్యాయామానికీ తోడుగా వేసుకునేవే. వాటి బదులు పనిచేసేవి కావు.

ముందు షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు

నడుం నొప్పితో పాటు ఒంటికో రెంటికో పట్టు తప్పినా, రెండు తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు ఈడ్చుకుపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. సాయంత్రపు జ్వరాలు, బరువు తగ్గిపోవడం ఉంటే వెన్నెముక టీబీ అనుమానం ఒకటి ఉంటుంది, మన దగ్గర అది అరుదేమీ కాదు. ఇదివరకు కాన్సరు వచ్చినవాళ్ళూ, పెద్ద వయసులో జారిపడ్డవాళ్ళూ, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నవాళ్ళూ విటమిన్ల మీద వారాలు పోగొట్టుకోకూడదు. నలభై దాటని కుర్రవాళ్ళకి తెల్లవారుజామున నడుం కొయ్యలా బిగుసుకుపోయి, తిరుగుతుంటే సర్దుకుంటోందంటే అది కీళ్ళవాతం తరహా జబ్బు కావచ్చు. వాళ్ళు వెళ్ళాల్సింది రుమటాలజిస్టు దగ్గరికి.

విటమిన్ డి: నిజంగా పనిచేసేది ఎవరికి

డి లోటు బాగా ముదిరితే ఎముక మెత్తబడుతుంది. దాన్ని ఆస్టియోమలేషియా అంటారు. ఆ మనిషిని చూస్తే గుర్తుపట్టవచ్చు. నేల మీద కూర్చున్న ఆవిడ లేవాలంటే ముందు ఒక చెయ్యి నేలకి ఆనిస్తుంది, తర్వాత రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపి ఒళ్ళంతా పైకి తోసుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుని లాక్కుంటుంది. నడకలో ఒళ్ళు అటూ ఇటూ ఊగుతుంది. నొప్పి ఒక్క నడుంలోనే ఉండదు. తుంటి, తొడలు, పక్కటెముకలు, కాలి ముందు ఎముక, ఎక్కడ వేలితో నొక్కినా అబ్బా అంటుంది. "ఎముకల్లోంచి సలుపుతోంది" అనే మాట ఇలాంటివాళ్ళ నోటే ఎక్కువ వస్తుంది. సరిగ్గా ఇలాంటి మనిషికి డి ఇస్తే వారాల్లో, నెలల్లో తేడా కళ్ళకి కనిపిస్తుంది.

మిగతా మామూలు నడుం నొప్పికి? ఇప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే నడుం నొప్పి తగ్గించడంలో డి బిళ్ళకీ మందు లేని ఉత్తి బిళ్ళకీ తేడా తేలలేదు. ఈ మాట చెబితే చాలామంది నిరుత్సాహపడతారు. అయినా చెప్పాలి, ఎందుకంటే ఈ బిళ్ళ మీద ఆశ పెట్టుకుని ఆరు నెలలు నడక మానేసినవాళ్ళు ఉన్నారు.

ఇంత ఎండ ఉన్న దేశంలో డి లోటేమిటని అడుగుతారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు మన ప్రాంతం వాళ్ళనే పరీక్షించి, ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్ళలో కూడా డి తక్కువగా ఉన్నట్టు ఎప్పుడో చూపించారు. చర్మంలో డి తయారయ్యేది ప్రధానంగా పగలు 11 నుంచి 2 మధ్య ఎండలోనని కూడా వాళ్ళ పరిశీలనలో తేలింది. పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే హాయిగా ఉంటుంది కానీ డి పెద్దగా రాదు. కారు అద్దంలోంచీ కిటికీ అద్దంలోంచీ వచ్చే ఎండకీ అంతే. మధ్యాహ్నం కాసేపు చేతులూ కాళ్ళూ ఎండకి తగిలితే మంచిదే. అయితే వేసవిలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్న పెద్దవాళ్ళకి ఆ సలహా ఇవ్వలేం, వడదెబ్బ తగులుతుంది.

రక్తంలో విటమిన్ డి (రిపోర్టులో 25 హైడ్రాక్సీ విటమిన్ డి అని ఉంటుంది) మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల లోపు ఉంటే లోటు, 20 నుంచి 30 మధ్య అయితే చాలీ చాలనట్టు అని మన డాక్టర్లు ఎక్కువగా లెక్క వేస్తారు. లోటు తేలితే 60,000 యూనిట్లు వారానికొకటి, ఎనిమిది వారాలు. ఆ తర్వాత నెలకొకటో, రోజుకి 1000 నుంచి 2000 యూనిట్లో డాక్టరు చెప్పినట్టు. సాచెట్ పాలల్లో కలుపుకున్నా, మెత్తని కాప్స్యూల్ మింగినా, చిన్న సీసాలో ద్రవం తాగినా పనిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చవకైనది తీసుకోండి. కాస్త నెయ్యో నూనో ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

రోజుదీ వారానిదీ పోల్చి ఎంచుకోమంటే, మరచిపోనివాళ్ళకి నేను రోజుదే చెబుతాను, కనీసం లోటు తీరిన తర్వాత. వారం బిళ్ళతో ఒక ప్రమాదం ఉంది. చీటీలో వారానికొకటి అని రాసి ఉన్నా, ఇంట్లో పెద్దాయన దాన్ని బీపీ బిళ్ళతో పాటు రోజూ వేసుకుంటాడు. అలా కొన్ని వారాలు గడిస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, తీరని దాహం, మలబద్ధకం, మతి తప్పి మాట్లాడటం, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. షీటు మీద "ఆదివారం మాత్రమే" అని పెన్నుతో రాసి ఇవ్వమని షాపువాళ్ళనే అడగండి. 6 లక్షల యూనిట్ల ఇంజెక్షను ఒక్కటి చేయించుకుంటే పనైపోతుందని కొందరు అనుకుంటారు. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్ళకి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితం ఏమిటంటే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయి. బిళ్ళ మింగగలిగి, మింగింది అరిగేవాళ్ళకి ఆ సూది అక్కర్లేదు.

బి12: నడుం కన్నా నరానిది

బి12 లోటు నేరుగా నడుం నొప్పిగా కనిపించడం తక్కువ. అది నరాల మీద పడుతుంది. తేడా పట్టుకోవడానికి ఒక దారి ఉంది. డిస్కు నొక్కుకోవడం వల్ల వచ్చే తిమ్మిరి సాధారణంగా ఒక కాల్లోనే, పిరుదు నుంచి పిక్క మీదుగా పాదానికి ఒక గీతలా దిగుతుంది. దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది. బి12 తిమ్మిరి రెండు అరికాళ్ళలోనూ ఒకేసారి మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. చెప్పు జారిపోయినా తెలియదు. కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటుంటే ఒళ్ళు తూలుతుంది. నాలుక నున్నగా అయి మండుతుంది, వేళ్ళ కణుపులు నల్లబడతాయి. షుగర్ ఉన్నవాళ్ళకి కూడా అరికాళ్ళ మంటలు అచ్చం ఇలాగే వస్తాయి కాబట్టి పరీక్ష లేకుండా తేల్చేయకూడదు.

ఎవరు అనుమానించాలంటే, మాంసం, చేప, గుడ్డు ముట్టని శాకాహారులు, అందులోనూ పాలూ పెరుగూ తక్కువగా తీసుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న షుగర్ రోగులు. గ్యాస్ బిళ్ళ అంటూ పాంటాప్రజోల్, ఒమిప్రజోల్ రోజూ పరగడుపున వేసుకునేవాళ్ళు. మెట్‌ఫార్మిన్, పాంటాప్రజోల్ రెండూ కలిపి వాడే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమందో చూడండి. రక్తంలో బి12 మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల లోపుంటే లోటు కిందే లెక్క, 200 నుంచి 300 మధ్య అనుమానం.

బిళ్ళా సూదా అన్నదే ఎక్కువమందికి వచ్చే సందేహం. రోజుకి 1000 మైక్రోగ్రాముల బిళ్ళ వేస్తే, పేగు సరిగా పీల్చుకోనివాళ్ళలో కూడా అందులో కొంత నేరుగా రక్తంలోకి వెళ్తుంది. అందువల్ల చాలామందికి బిళ్ళే సరిపోతుంది. తిమ్మిర్లు, తూలడం వచ్చేసినవాళ్ళకీ, రక్తం బాగా తగ్గినవాళ్ళకీ మాత్రం మొదట సూదులే మేలు, ఆలస్యం చేస్తే నరం పూర్తిగా కోలుకోదు. మన షాపుల్లో దొరికేది ఎక్కువగా మిథైల్‌కోబాలమిన్. సయనోకోబాలమిన్ చవక, మామూలు లోటుకి అదీ బాగానే పనిచేస్తుంది. పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. "నరాల బలానికి బిళ్ళ" అని అడిగి తీసుకెళ్ళే షీటును ఒకసారి తిప్పి చదవండి. మిథైల్‌కోబాలమిన్ పక్కన ప్రెగాబాలిన్ 75 అనో గాబాపెంటిన్ 300 అనో ఉంటే అది ఉత్తి విటమిన్ కాదు. మత్తు వస్తుంది, కళ్ళు తిరుగుతాయి. రాత్రి బాత్రూముకి లేచిన పెద్దవాళ్ళు పడిపోతారు. లారీ, ఆటో నడిపేవాళ్ళకి మరీ ప్రమాదం. అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చీటీ లేకుండా పక్కింటివాళ్ళ షీటు చూపించి కొనకూడని మందు అది.

బి కాంప్లెక్సు, నొప్పి బిళ్ళతో కలిసి

డైక్లోఫినాక్ అనే నొప్పి బిళ్ళతో బి1, బి6, బి12 కలిపి ఇస్తే పట్టేసిన నడుం కాస్త తొందరగా వదులుతుందన్న దానికి ఆధారం ఉంది. 2009లో బ్రెజిల్ వైద్యులు 372 మంది మీద చేసిన పరీక్షలో, ఉత్తి డైక్లోఫినాక్ వేసుకున్నవాళ్ళ కన్నా విటమిన్లు కలిపి ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది మూడు రోజులకే నొప్పి బిళ్ళ మానగలిగారు. కానీ అది హఠాత్తుగా పట్టేసిన నడుం సంగతి, వారంలోపు వాడకం. ఏళ్ళ నాటి నొప్పికి దాన్ని సాగదీయకూడదు. డైక్లోఫినాక్ మాత్రం కిడ్నీకీ కడుపుకీ బీపీకీ చేటు చేసే గుణం వదులుకోదు, పక్కన విటమిన్ ఉన్నా సరే.

బి6 మోతాదు కూడా చూడాలి. రోజుకి 100 మిల్లీగ్రాములో అంతకన్నా ఎక్కువో నెలల తరబడి వేసుకుంటే బి6 వల్లే అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి తగ్గడానికి వేసుకుని, తగ్గలేదని రెండు చేసి, ఇంకా పెంచుకునేవాళ్ళుంటారు. ఇంట్లో రెండు మూడు రకాల మల్టీవిటమిన్లు నడుస్తుంటే అన్నిటి మీదా ఉన్న బి6 కలిపి లెక్క వేయండి.

కాల్షియం: కార్బొనేటా, సిట్రేటా

కాల్షియం నొప్పి మందు కాదు. ఎముక పలచబడినవాళ్ళకి, డి లోటుకి చికిత్స తీసుకుంటున్నవాళ్ళకి అది ముడిసరుకు. నెలసరి ఆగిన ఆడవాళ్ళకి తిండిలో చాలనప్పుడు అవసరం పడుతుంది.

సీసా మీద 1250 అని పెద్ద అక్షరాలతో ఉంటే అది కాల్షియం కార్బొనేట్ బరువు, అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములు. సిట్రేట్‌లో అసలు భాగం ఇంకా తక్కువ, బరువులో ఐదో వంతు మాత్రమే. కాబట్టి ధరలు పోల్చేటప్పుడు "ఎలిమెంటల్ కాల్షియం" అన్న వరసనే పోల్చండి. కార్బొనేట్ చవక, కానీ కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. అందుకే భోజనంతో పాటు వేసుకోవాలి. కొందరికి కడుపు ఉబ్బరం, మలబద్ధకం తెస్తుంది. సిట్రేట్ ఖరీదు ఎక్కువ, తిన్నా తినకపోయినా పనిచేస్తుంది. రోజూ గ్యాస్ బిళ్ళ వాడేవాళ్ళు సిట్రేటే తీసుకోవాలి. మిగతావాళ్ళకి కార్బొనేట్ చాలు. ఏదైనా ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు దాటితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. థైరాయిడ్ బిళ్ళకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ బిళ్ళతో కలిపి వేసుకుంటే ఐరన్ వంటబట్టదు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటుంది. ఆ సంస్థే వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364, మునగాకులో సుమారు 314 మిల్లీగ్రాములు ఉన్నాయి. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం గడ్డ పెరుగు, పప్పులో గుప్పెడు మునగాకు, సాయంత్రం నువ్వులుండ తినే ఇంట్లో బిళ్ళ అవసరం చాలావరకు తగ్గిపోతుంది. ఈ ఒక్క విషయంలో మన వంటిల్లు మందుల షాపు కన్నా ముందుంటుందని నా గట్టి నమ్మకం.

నల్లగొండ వైపు, పొదిలి, దర్శి, కనిగిరి వైపు పుట్టి పెరిగినవాళ్ళకి ఒక ప్రత్యేకమైన మాట. మన దేశంలో తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకి వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. మెడ తిప్పలేకపోవడం, నడుం వంగకపోవడం, వెన్ను కర్రలా బిగుసుకుపోవడం దాని లక్షణాలు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళు తాగి, పళ్ళ మీద గోధుమరంగు చారలుండి, ఇప్పుడు నడుం బిగుసుకుంటుంటే డాక్టరుకి ఆ ఊరి పేరు తప్పకుండా చెప్పండి. ఎముకల్లో దిగిన ఫ్లోరైడ్‌ను ఏ విటమినూ కడిగేయలేదు. మొట్టమొదట మారాల్సింది తాగే నీళ్ళు. తిండిలో కాల్షియం, డి చాలినంత ఉంటే హాని కొంత తగ్గుతుంది.

మిగతావి క్లుప్తంగా

గ్లూకోసమిన్: నార్వేలో దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 250 మందికి ఆరు నెలలు రోజుకి 1500 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితం: ఉత్తి బిళ్ళతో సమానం. కొనకండి. కొల్లాజెన్ పొడులు ఖరీదుకి తగ్గ రుజువు చూపించలేదు. మెగ్నీషియం, నిజంగా తక్కువున్నవాళ్ళకి సరే, పిక్కలు పట్టేస్తున్నాయని అందరూ వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు, పైగా విరేచనాలవుతాయి, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ప్రమాదం. డి3తో కె2 కలిపినవి ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. గుండె కవాటాల ఆపరేషనయ్యి రక్తం పలచబడే అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్ళు కె విటమిన్ ఉన్న దేన్నీ డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. సంతలో దొరికే పొట్లాల మందు రెండు రోజుల్లోనే అద్భుతంగా పనిచేస్తే సంతోషించకండి, అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు.

ఇక ఎంచుకోవడం

ఎముకలన్నీ సలుపుతూ, నేల మీంచి లేవలేకపోతున్న ఆడవాళ్ళు, ఎండ తగలనివాళ్ళు: డి పరీక్షతో పాటు కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేయించుకుని, డి మొదలుపెట్టి, కాల్షియం తోడుగా వేసుకోవాలి. రెండు అరికాళ్ళూ తిమ్మిరెక్కే శాకాహారి లేదా మెట్‌ఫార్మిన్ వాడే మనిషి: బి12 పరీక్ష, ఆ తర్వాత బిళ్ళో సూదో. అరవై దాటి, ఎత్తు తగ్గి, వీపు గూనిగా అవుతున్నవాళ్ళు: ముందు ఎముక సాంద్రత పరీక్ష. వాళ్ళకి డి, కాల్షియం మాత్రమే చాలవు, ఎముక బలపడే అసలు మందు కావాలి. లాప్‌టాప్ ముందు కూర్చుని సాయంత్రానికి నడుం పట్టేసే ముప్పై ఏళ్ళ మనిషి, మిగతా ఏ లక్షణమూ లేదు: బిళ్ళల డబ్బుతో మంచి ఫిజియోథెరపిస్టు దగ్గరికి నాలుగు సార్లు వెళ్ళి వ్యాయామాలు నేర్చుకోమంటాను.

డి, బి12 రెండు పరీక్షలకీ డబ్బు లేదంటే? ఒంట్లో కనిపించే లక్షణం దేని వైపు చూపిస్తోందో ఆ ఒక్కటే చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి లాబులో చెప్పండి, కొన్ని పరీక్షల అంకెల్ని అది తప్పుగా చూపిస్తుంది.

కొనేటప్పుడు డబ్బా వెనక చూడండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరూ, వైద్య అవసరానికి కాదన్న మాటా ఉంటే అది ఆహారం కింద అమ్మే సప్లిమెంటు. లోటుకి చికిత్స అయితే మందుగా తయారైనదే తీసుకోండి. జన ఔషధి కేంద్రంలో అదే మోతాదు చాలా తక్కువకి దొరుకుతుంది. పదిహేను రకాల విటమిన్లు, ఆకులు, మూలికలు కలిపిన డబ్బా కన్నా, మీకు లోటున్న ఒక్కటే సరైన మోతాదులో ఉన్నది ఎప్పుడూ మేలు.

విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల రిపోర్టులు చూసి కంగారు పడుతుంటారు. బ్రిటన్‌లో డి అంకెను నానోమోల్స్‌లో ఇస్తారు. ఇక్కడి 20 అక్కడి 50కి సమానం, రెండున్నరతో హెచ్చవేయాలి. అక్కడి సీసాల మీద మైక్రోగ్రాములుంటాయి, 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లు. బ్రిటన్ ఆరోగ్య శాఖ దక్షిణాసియా సంతతివాళ్ళని ఏడాది పొడవునా రోజూ ఆ 10 మైక్రోగ్రాములు వేసుకునే విషయం ఆలోచించమంటుంది. నొప్పి ఉన్నా లేకపోయినా అక్కడున్నవాళ్ళు అది పాటించడం మంచిది.

మొదలుపెట్టిన తేదీని కాలెండరు మీద రాసి పెట్టుకోండి. డి అయితే మూడు నెలలకి మళ్ళీ పరీక్ష. అంకె 30 దాటినా నడుం నొప్పి అలాగే ఉందంటే ఆ నొప్పికి డి కారణం కాదని తేలినట్టే. అప్పుడు మోతాదు పెంచమని అడగకండి. లోటు తీరాక వేసుకునే చిన్న మోతాదుకి దిగి, రిపోర్టు పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికో ఫిజియోథెరపిస్టు దగ్గరికో వెళ్ళండి.